మైసమ్మకు మొక్కినవాళ్లే జవాబు అడిగారు

2003 జూన్ 16న గోదావరిఖనిలోని సింగరేణి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, అదే రామగుండం ప్రాంతంలోని 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది ప్రాణాలు పోయాయి. ఈ రెండు తేదీల మధ్య బొగ్గుబాయి ఊళ్లలో గడిచిన పండుగలను వరుసపెట్టి చూడాలి. జూలై 30 నుంచి ఆగస్టు 10 వరకు గోదావరి పుష్కరాలు. ఎక్కడెక్కడి జనమో వచ్చి, పోయిన పెద్దలకు నది ఒడ్డున పిండాలు పెట్టిన రోజులు. సెప్టెంబర్ చివర పెత్రమాస, పెద్దల పేరిట బియ్యం ఇచ్చే అమావాస్య. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. అక్టోబర్ 5న దసరా. గనుల మీద యంత్రాలకు, పనిముట్లకు పూజలు, మైసమ్మకు మొక్కులు. ఆ పూజ ముగిసిన 11 రోజులకే 8ఏలో కప్పు కూలింది.

ఈ వరుసను చూసి కొందరు ఒక నిర్ణయానికి వస్తారు. గని కార్మికుడు తలరాతను నమ్ముతాడు, దేవత కోపాన్ని నమ్ముతాడు, అందుకే చావును సర్దుకుపోతాడు, యాజమాన్యానికి అంతకన్నా ఏం కావాలి అంటారు. హేతువాదుల నుంచీ, వామపక్ష మిత్రుల నుంచీ తరచూ వినిపించే మాట ఇది. ఆ మాట వెనకున్న ఆవేదన నిజమైనదే కానీ, సింగరేణి చరిత్ర దాన్ని బలపరచడం లేదని నా వాదన. ఈ నేల మీద నమ్మకాలు మనుషులకు చావును ఒప్పుకోవడం నేర్పాయి. ఆ చావు తెచ్చిన కారణాన్ని ఒప్పుకోవడం మాత్రం నేర్పలేదు. రెంటినీ ఒకటిగా చూడటంవల్లనే మనం చనిపోయిన కార్మికుల కుటుంబాల దుఃఖాన్నీ, వాళ్ల కోపాన్నీ రెండింటినీ తప్పుగా చదువుతున్నాం.

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరి ఒడ్డున ఉన్న గోదావరిఖని మాత్రం 1960ల నుంచి పెరిగింది. పల్లెల్లో భూమి లేనివాళ్లు, చేతిపని చచ్చిపోయినవాళ్లు బాయి పనికి వచ్చారు. వస్తూ తమ చావు ఆచారాలను కూడా వెంట తెచ్చుకున్నారు. కాల్చే కులాలున్నాయి, పూడ్చే కులాలున్నాయి. ముస్లింలకు, క్రైస్తవులకు వేరే పద్ధతులున్నాయి. ఊళ్లో చెరువు కట్టమీద, పొలిమేరలో కాపలా ఉండే మైసమ్మ ఇక్కడ గని మీదికి వచ్చింది. షిఫ్టుకు దిగే ముందు ఆమెకు ఒక దండం పెట్టుకోవడం మస్టర్ పడటమంత మామూలు సంగతి అయింది.

ఆ దండాన్ని అజ్ఞానం కింద జమకట్టేవాళ్లు మానవశాస్త్రవేత్త బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల్లో చూసినదాన్ని గుర్తుకు తెచ్చుకోవాలి. అక్కడి బెస్తలు ప్రశాంతంగా ఉండే ఉప్పుటేరులో చేపలు పట్టేటప్పుడు ఏ మంత్రమూ చదవరు. నడిసముద్రంలోకి పోయేటప్పుడే క్రతువులు చేస్తారు. వాళ్లకు పడవ కట్టడం తెలియకకాదు. నైపుణ్యం ఎక్కడ ఆగిపోతుందో వాళ్లకు బాగా తెలుసు. బాయిలోనూ అంతే. మైసమ్మకు మొక్కిన కార్మికుడు లోపలికి పోయాక కప్పును కర్రతో తట్టి చప్పుడు వింటాడు, దిమ్మెలు సరిగా నిలబెట్టారా చూస్తాడు, పని చూసే సర్దార్ గ్యాస్ పరీక్షిస్తాడు. మొక్కు ఈ పనుల్లో దేన్నీ తప్పించలేదు. ఇవన్నీ చేసిన తర్వాత కూడా మిగిలే భయానికి ఆమె దగ్గర చోటు దొరుకుతుంది.

చావు జరిగాక నమ్మకం చేసే పని ఇంకా పెద్దది. ఇక్కడి ఇళ్లలో మనిషి పోవడం ఒక్క రోజులో ముగిసేది కాదు. శవాన్ని ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెడతారు. ఆడవాళ్లు శోకాలు తీస్తారు: పోయిన మనిషి ఎట్లా పుట్టాడు, ఎంత కష్టపడ్డాడు, ఎవరిని ఎవరికి అప్పజెప్పి పోయాడు అన్నీ రాగం కట్టి ఏడుస్తారు. డప్పుతో సాగనంపుతారు. మూడో రోజు పిట్టకు పెడతారు. అతనికి ఇష్టమైన కూర, తాగే అలవాటుంటే కల్లో సారానో ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, ఒక్కొక్కరూ ముందుకొచ్చి పిల్లల్ని చూసుకుంటామనో, అప్పు తీరుస్తామనో మాటిస్తారు. అందరూ వింటుండగా చనిపోయినవాడికి ఇచ్చే ఆ మాట బతికున్నవాళ్ల మీద ఒక ఒప్పందంగా నిలబడుతుంది. పదకొండో రోజు దినాలు. ఏడాదికి సంవత్సరీకం, ఆ తర్వాత ఏటా పెత్రమాస. ఫ్రెంచి పండితుడు రాబర్ట్ హెర్ట్జ్ బోర్నియో దీవి ఆచారాలను ఆధారం చేసుకొని 1907లో ఒక సంగతి చెప్పాడు: ప్రాణం పోవడంతో చావు పూర్తికాదు, సమాజం మెట్టుమెట్టుగా దాన్ని పూర్తి చేస్తుంది. గోదావరిఖని కార్మికవాడల్లో దుఃఖం కూడా ఈ మెట్ల మీదుగానే దిగుతుంది.

మొదటి మెట్టుకు శవం కావాలి. గని ప్రమాదం దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే. నీళ్లలో మునిగిన గనిలోంచి, బండల కిందినుంచి మనిషిని తీయడానికి ఎన్ని గంటలు, ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పలేరు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గనిలో 375 మంది జలసమాధి అయినప్పుడు నీళ్లు తోడటానికే వారాలు పట్టింది. 2022 మార్చి 7న సింగరేణిలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలినప్పుడు కూడా చిక్కుకున్నవాళ్లందరూ వెంటనే బయటికి రాలేదు. ఆ నడిమి కాలంలో ఇంట్లోవాళ్లు ఏడవాలో, ఆశ పెట్టుకోవాలో తెలియని స్థితిలో గని దగ్గర నిలబడతారు. వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను పరిశీలించిన పాలిన్ బాస్ ఈ స్థితినే అధ్యయనం చేసింది. తెగని ఎదురుచూపులో దుఃఖం గడ్డకట్టిపోతుందని ఆమె చెప్పింది. మన పూర్వులకు ఈ బాధ తెలుసు. శవం దొరకని మనిషికి దర్భలతోనో మోదుగ కాడలతోనో బొమ్మ చేసి దహనం చేయమని గరుడపురాణ సంప్రదాయం చెబుతుంది. ఆ విధిని మూఢాచారమని తోసెయ్యడం తేలిక. దేహం దొరకని చోట కూడా దుఃఖానికి ఒక మొదలు, ఒక తుది ఉండి తీరాలని పట్టుబట్టిన ఆ ఆలోచనకు నేను తలవంచుతాను.

ఇక తలరాత సంగతి. దసరా పూజ చేసిన 11 రోజులకే పదిమంది పోతే మైసమ్మ ఏం చేసినట్టు అని ఎవరైనా అడగవచ్చు. నమ్మేవాళ్లు ఈ ప్రశ్నను ఎదుర్కోకుండా ఉండరు. రాత అట్లా ఉంది అంటారు, పిలుపు వచ్చింది అంటారు. అదే నోటితో గనిలోకి నీరు ఎట్లా వచ్చింది, కప్పు బాగా లేదని తెలిసీ మనుషుల్ని ఎందుకు దింపారు అని కూడా అడుగుతారు. రెండు ప్రశ్నలు ఇద్దరిని ఉద్దేశించినవి. మొదటిదానికి దేవుడు జవాబుదారీ, రెండోదానికి కంపెనీ, గనుల భద్రతా అధికారులు జవాబుదారీలు. తలరాతను నమ్మడం కోపాన్ని చల్లార్చేదే అయితే సింగరేణి దేశంలోనే ఎక్కువ సమ్మెలు చూసిన పరిశ్రమల్లో ఒకటిగా ఎట్లా నిలిచింది?

ఈ మాట మన ఊరికే పరిమితం కాదు. బొలీవియాలోని ఓరూరో తగరపు గనుల్లో కార్మికులు భూగర్భంలో టియో అనే దేవుడి ప్రతిమ పెట్టుకొని కోకా ఆకులు, సారాయి అర్పిస్తారు. అక్కడ గడిపి 1979లో పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త జూన్ నాష్, ఆ క్రతువు దగ్గర కలిసి కూచోవడంలోంచే కార్మికుల ఐక్యత బలపడిందని చూపించింది. ఆ కాలంలో లాటిన్ అమెరికాలో అత్యంత పోరాటశీలమైన సంఘాల్లో ఒకటి ఆ గని కార్మికులదే. 1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల్లో పేలుడుకు 1,099 మంది బలయ్యారు. కంపెనీ గాలింపును తొందరగా ఆపేసింది. మార్చి 30న 13 మంది తమంతట తామే బతికి బయటికి వచ్చారు. తమవాళ్లను క్రైస్తవ పద్ధతిలో ఖననం చేసిన ఆ జనమే, ఆ అంత్యక్రియల రోజుల్లోనే సమ్మెకు దిగారు. లోపల ఉన్నవాళ్లను వెతకకుండా వదిలేయడం వాళ్లకు పనికి సంబంధించిన తప్పు, ధర్మానికి సంబంధించిన తప్పు కూడా.

దేవుణ్ని వదిలేసినవాళ్ల సంగతి చూస్తే నా వాదన ఇంకొంత గట్టిపడుతుంది. 1981లో పుట్టిన సింగరేణి కార్మిక సమాఖ్య, అంటే సికాస, మతం మీద నమ్మకంతో నడిచింది కాదు. అయినా దాని వామపక్ష రాజకీయాల్లో చనిపోయినవాళ్లకు ఎర్రజెండా కప్పారు, పాటలతో ఊరేగించారు, స్థూపాలు కట్టారు, ఏటా సంస్మరణ సభలు పెట్టారు. పిండం లేదు, కాకి లేదు. కానీ చనిపోయినవాడి ముందు అందరూ వింటుండగా ఇచ్చే మాట అక్కడా ఉంది. ఆ స్థూపాల్లో కొన్నింటిని కూలగొట్టడం కూడా, చావుకు ఇచ్చే రూపం ఎంత బలమైనదో వాటిని వద్దనుకున్నవాళ్లకు కూడా తెలుసని చెబుతుంది.

దీన్నిబట్టి నమ్మకాలన్నీ మేలు చేస్తాయని నేను అనడం లేదు. బొగ్గుబాయి చావును దుర్మరణం అంటారు. ఆయుష్షు తీరక ముందే పోయినవాడు తిరుగుతూ ఉంటాడని, ఇంటికి కీడని భయపడతారు. ఆ భయం తరచూ చనిపోయినవాడి భార్య మీద పడుతుంది. ఆమె అడుగు మంచిది కాదన్న మాట ఆమె చెవిన పడేలా అంటారు. అప్పటికే భర్తను పోగొట్టుకున్న మనిషికి పదకొండో రోజు నలుగురిలో గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, మట్టెలు తీయించడం దుఃఖాన్ని దాటించే క్రతువు కానే కాదు. ఆమె మీద తీర్పు చెప్పే క్రతువు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెనెత్ పార్గమెంట్ పరిశోధనలు ఇక్కడ పనికొస్తాయి. కష్టంలో దేవుడు తోడున్నాడనుకునేవాళ్లకు మతం ఊతమిస్తుంది. దేవుడు తనను శిక్షించాడనుకునేవాళ్లను అదే మతం మరింత కుంగదీస్తుంది. కాబట్టి ఒక ఆచారాన్ని తూచేటప్పుడు అది ఎవరి మీద నింద మోపుతోందో చూడాలి. పిట్టకు పెట్టడం ఎవరినీ నిందించదు, గాజులు పగలగొట్టడం నిందిస్తుంది. మొదటిదాన్ని కాపాడుకుంటూనే రెండోదాన్ని వదిలేయవచ్చు. బొగ్గు పట్టణాల్లో అది కొంత జరుగుతోంది కూడా. భర్త స్థానంలో కంపెనీ ఉద్యోగం పొంది, గని మీద, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో పనిచేస్తూ పిల్లల్ని చదివించుకునే స్త్రీని కీడు మనిషి అనడం అంత సులభం కాదు. జీతం వచ్చిన చోట నమ్మకం మెత్తబడింది.

కంపెనీ, చట్టం కూడా దుఃఖానికి తమ మెట్లు కట్టాయి. అవి ఆచారపు మెట్లతో కలవవు. శవపరీక్ష, నష్టపరిహారం, కారుణ్య నియామకం, సంతకాలు అన్నీ ఆ పదకొండు రోజుల్లోకే వచ్చి పడతాయి. పరిహారం తేలేదాకా శవాన్ని కదలనివ్వబోమని సంఘాలు, బంధువులు కూచోవడం ఈ ప్రాంతంలో మామూలే. బయటినుంచి చూసేవాళ్లకు అది శవంతో బేరంలా కనిపిస్తుంది. సాగనంపడం ఆగిపోయిన ఆ గంటల్లో అందరికన్నా నలిగిపోయేది ఆ కుటుంబమే. అయినా వాళ్లు కూచుంటారు. శవం భూమిలోకో అగ్గిలోకో పోయాక తమ మాట ఎవరూ వినరని వాళ్లకు తెలుసు. కాంట్రాక్ట్ కార్మికుల విషయంలో ఇది మరీ నిజం. 2022లో అడ్రియాలలో పోయిన ముగ్గురిలో ఇద్దరు అధికారులు, ఒకరు కాంట్రాక్ట్ కార్మికుడు. ఒకే కప్పు ముగ్గురి మీదా పడింది. పర్మినెంట్ ఉద్యోగి కుటుంబానికి హక్కుగా వచ్చేవన్నీ కాంట్రాక్ట్ మనిషి ఇంటికి రావు. ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి పేరుకొని, రిటైరయ్యాక మంచంలో దగ్గుతూ పోయే మనిషికైతే గని మీద మౌనం పాటించేవాళ్లు కూడా ఉండరు.

గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి. ఇంట్లో చావు జరిగి ఏడాది తిరగనివాళ్లు తీర్థాలకు పోకూడదన్న పట్టింపు కొన్ని కుటుంబాల్లో ఉంది. 2003 జూన్‌లో మనిషిని పోగొట్టుకొని దాన్ని పాటించినవాళ్లు ఎవరైనా ఉంటే, గుమ్మం ముందున్న నదిలో పుష్కర పిండం వేయడానికి 2015 దాకా ఆగవలసి వచ్చి ఉంటుంది. ఈసారి ఘాట్లకూ రోడ్లకూ డబ్బు ఎట్లాగూ ఖర్చు పెడతారు. దానితోపాటు గని గనికీ అక్కడ చనిపోయినవాళ్ల పేర్లు, పర్మినెంట్, కాంట్రాక్ట్ అన్న తేడా లేకుండా, రాయి మీద చెక్కించాలి. ప్రతి ప్రమాదం మీదా జరిగిన విచారణలో ఏం తేలిందో తెలుగులో రాసి ఆ కుటుంబాల చేతికి ఇవ్వాలి. భార్య సంతకం కోసం దినాలు అయ్యేదాకా ఆగాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, కంపెనీ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.