కత్తి లేని పీఠం, లియో ఉత్తరం

అమెరికాలో ఆష్‌బర్న్‌లోని సెయింట్ థెరిసా చర్చిలోనైనా, హైదరాబాద్ అగ్రపీఠంలోని ఏ విచారణ గుడిలోనైనా, దివ్యపూజలో పోపు పేరు చెప్పి ప్రార్థిస్తారు. 2025 మే 8 నుంచి ఆ పేరు లియో. షికాగోలో పుట్టిన ఈ 14వ లియోను ఎన్నుకున్నవారిలో మన కార్డినల్ పూల ఆంథోనీ కూడా ఉన్నారు. కొత్త పోపు పేరు పెట్టుకున్నది ముఖ్యంగా 13వ లియోను తలుచుకునే. కానీ ఆ పేరుకు మొదట బరువు తెచ్చింది 440లో పీఠమెక్కిన మొదటి లియో.

అప్పటికే రోము అన్నం గిన్నె చేజారింది. ధాన్యం పంపే ఉత్తరాఫ్రికాలో కార్తేజ్ నగరాన్ని 439లో వాండళ్లు అనే తెగవారు పట్టుకున్నారు. 452లో హూణరాజు అట్టిలా ఇటలీ మీదికి వస్తే, లియో మరో ఇద్దరు పెద్దలతో వెళ్లి మాట్లాడారు. అట్టిలా వెనుదిరిగాడు. దానికి ఇటలీలో కరవు, అతని సేనలో రోగాలు, తూర్పు చక్రవర్తి సైన్యం దాడి కూడా కారణాలే. 455లో వాండళ్లు రోముకే వచ్చారు. లియో వేడుకోలు ఊచకోతనూ, నగర దహనాన్నీ తగ్గించిందంటారు గానీ, పద్నాలుగు రోజుల దోపిడీని ఆపలేకపోయింది.

నాకైతే అట్టిలా కథకన్నా 449లో లియో రాసిన ఉత్తరమే పెద్దది. క్రీస్తులో దైవత్వం, మానవత్వం రెండూ కలిసిపోకుండా, విడిపోకుండా ఒకే వ్యక్తిలో ఉన్నాయని కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి ఫ్లేవియన్‌కు అందులో వివరించారు. ఆ ఏడాది ఎఫెసులో జరిగిన బిషపుల సభలో దాన్ని చదవనే లేదు. ఫ్లేవియన్‌ను పదవి నుంచి దించేశారు, కొద్దికాలానికే ఆయన చనిపోయారు. లియో పంపిన హిలరస్ అనే డీకన్ ఆ నిండు సభలో లాటిన్‌లో అభ్యంతరం చెప్పి, ప్రాణాలు దక్కించుకుని రోముకు పారిపోయి వచ్చాడు. లియో తర్వాత పోపు అయింది ఆ హిలరస్సే. ఆ గండం గట్టెక్కించినందుకు సువార్తికుడు యోహాను పేర లాటరన్‌లో చిన్న గుడి కట్టించాడు.

450లో తూర్పు చక్రవర్తి మారాడు. 451లో కాల్సెడన్ మహాసభ అదే ఉత్తరాన్ని జయజయధ్వానాలతో ఆమోదించింది. ఉత్తరంలో అక్షరం మారలేదు, సింహాసనం మీది మనిషి మారాడు. పేతురు వారసుడిగా లియో చేసిన వాదన ఎంత బలమైనదైనా, అది చెల్లడానికి రాజు అండ కావలసి వచ్చిందన్నది దాచలేని నిజం. అదే సభ కాన్‌స్టాంటినోపుల్‌కు రోముతో సమానమైన గౌరవాలిస్తూ 28వ నియమం చేసింది. లియో ససేమిరా ఒప్పుకోలేదు. ఈజిప్టు, సిరియా, ఆర్మేనియాల్లో ఎందరో అసలు ఆ సభనే తోసిపుచ్చారు. కేరళలోని మలంకర ఆర్థడాక్స్ సభ నేటికీ ఆ తోసిపుచ్చినవారి కుటుంబంలోదే.