కిరీటం ఉంది, రాజు లేడు

ఆదివారం పొద్దున పది దాటింది. అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ నిండా పుస్తకాలు పరిచారు: ఎంట్రన్సు గైడ్లు, రంగు వెలిసిన పాత మ్యాగజైన్లు, అట్టలూడిన డిక్షనరీలు, ఎవరి పెళ్లికో ఎవరో కానుకిచ్చిన నవలలు. కాళ్లు చూసుకుని వేయండి. మనం వచ్చింది పుస్తకాలకు కాదు. అదిగో, మూసి ఉన్న చెప్పుల షాపు మెట్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరుచుకుని కూర్చున్న పెద్దాయన దగ్గరికి.

గుడ్డ మీద ఒక పక్క అట్ట హోల్డర్లలో బిగించిన నాణేలు వరసగా ఉన్నాయి. వాటి వెల అడిగితే గానీ తెలియదు. ఇంకో పక్క స్టీలు పళ్లెంలో దేశదేశాల చిల్లర కుప్ప. దాని మీద అట్టముక్క: ఏదైనా 50.

కూర్చునే ముందు మన ఆల్బం ఒకసారి తెరవండి. చిన్నదే, ముప్పై నాణేలు కూడా లేవు, ఒక పద్ధతంటూ లేదు. మొదటి పేజీలో 1944 నాటి మన చిల్లుకాణీ. యుద్ధంలో లోహం ఆదా చేయడానికి నడిమి భాగం తీసేసి 1943 నుంచి 47 దాకా కొట్టిన పైసా అది. పక్కన జపాన్ ఐదు యెన్‌లు: పచ్చటి ఇత్తడి, చిల్లు చుట్టూ పళ్ల చక్రం, ఒరిగిన వరికంకి, కింద నీటి గీతలు. తర్వాత కువైట్ నుంచి వచ్చిన వంద ఫిల్సు, మీద తెరచాప ఓడ. 1961లో సొంత దినారు తెచ్చుకునే దాకా కువైట్‌లో నడిచింది మన రూపాయే. గల్ఫ్ కోసమని రిజర్వు బ్యాంకు 1959లో విడిగా నోట్లు కూడా అచ్చువేసింది. ఐర్లండ్ పెన్నీ మీద కోడి, పిల్లలు. ఆ బొమ్మలు ఎంపిక చేసిన కమిటీకి అధ్యక్షుడు కవి యేట్స్, నాణేలు బయటికొచ్చింది 1928లో. ఆ తర్వాత శ్రీలంక పూరేకుల అంచు నాణెం, అమెరికా క్వార్టరు. పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి తెలుగింట్లో డ్రాయరు తెరిస్తే ఆ క్వార్టరు కనబడుతుంది, కాబట్టి దాని గురించి చెప్పేదేం లేదు.

ఆసఫ్‌జాహీ నాణేలే సేకరించేవాళ్లకు సుఖం. లేనివేవో చీటీ రాసుకుని వస్తారు, దొరికితే కొంటారు. మన కలగూర ఆల్బంకు ఆ చీటీ లేదు, ప్రపంచంలో ఏ నాణెమైనా సరిపోతుంది. అందుకే చేతులు ఆడవు. దేశానికొకటి చొప్పున పటం నింపుకుంటూ పోదామని చాలామంది అంటారు. నాకది నచ్చదు. ఆ పళ్లెంలో పది నిమిషాలు చెయ్యి పెడితే పదిహేను దేశాలొస్తాయి, సాయంత్రానికి వాటిలో ఒక్కటీ గుర్తుండదు. కొత్తగా వచ్చే నాణెం ఆల్బంలో ఉన్న పాతవాటిని మళ్లీ తీసి చూసేలా చేయాలి. నేను పెట్టుకున్న షరతు ఇదొక్కటే.

"ఏం గావాలె సార్? ఇండియావా, ఫారినా?"

"ఫారినే భాయ్. చూస్తాం."

"చూడుండ్రి, చూడుండ్రి. చూస్తే పైసల్ దీసుకోను."

మనం అడక్కుండానే ముందొకటి తీసి చేతిలో పెట్టాడు. బరువైన రాగి బిళ్ల. రామ పట్టాభిషేకం ఒక వైపు, ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం రెండో వైపు. పక్కనున్న కుర్రాడు ఫోన్లో ఫోటో తీసుకుంటున్నాడు. దీనికి లక్షలిస్తామనే వీడియోలు అతనూ చూసే ఉంటాడు. మర్యాదగా తిరిగి ఇచ్చేయండి. కంపెనీ అలాంటి నాణెం ఏనాడూ కొట్టలేదు, అవి తర్వాతెవరో చేసిన బిళ్లలు. కంపెనీ నాణేల మీద దేవుళ్లే లేరని కాదు. 1807-08లో మద్రాసులో కొట్టిన వెండి అర వరహా, పావు వరహాల మీద ఒక పక్క గోపురం, మరో పక్క విష్ణుమూర్తి, చుట్టూ తమిళంతో పాటు తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. అది కనబడితే మాత్రం నేను మీతో మాట్లాడటం ఆపేసి బేరానికి దిగుతాను. ఈ గుడ్డ మీద లేదు.

"వద్దా? అయితే ఇది జూడుండ్రి. అసల్ చాందీ. రాణీది."

ఇది వేరే సంగతి. అరచేతిలో పెట్టుకోండి, మణికట్టు కాస్త కిందికి దిగుతుంది. మేలిముసుగు కప్పుకున్న నిండైన స్త్రీ ముఖం. వెనక రెండు తలల గద్ద. 1780. అంచు మీద వేలు పోనివ్వండి, లాటిన్ అక్షరాలు ఉబ్బుగా తగులుతాయి. న్యాయం, కరుణ అని వాటి అర్థం. ఆస్ట్రియా రాణి మరియా థెరిసా థేలర్ ఇది. ఆమె పోయింది 1780లోనే. ఎర్ర సముద్రపు వర్తకులు, యెమెన్ కాఫీ రైతులు, ఇథియోపియా సంతల్లో ఉప్పు అమ్మేవాళ్లు ఈ ముఖాన్ని తప్ప ఇంకో ముఖాన్ని నమ్మలేదు. అందుకని అదే సంవత్సరం వేసి, అదే ముఖంతో కొడుతూనే పోయారు. 1935లో ఇథియోపియా మీదికి వెళ్లబోతూ ముస్సోలినీ అచ్చులు తెప్పించుకుని రోమ్‌లో కొట్టించాడు. తర్వాత లండన్‌లో, పారిస్‌లో, బ్రసెల్స్‌లో కొట్టారు. 1940-41లో మన బొంబాయి టంకశాలలో కూడా కోటికి పైగా తయారయ్యాయి.

మనసు లాగుతోంది కదా? నాకూ లాగుతోంది. ఆల్బంలో దీన్ని ఏ పేజీలో పెడతాం? పేరు ఆస్ట్రియాది, తిరిగింది అరేబియా ఆఫ్రికాల్లో, పుట్టింది బొంబాయిలో కావచ్చు. మన ఓడ బొమ్మ కువైట్ నాణేనికి దీనికంటే మంచి పొరుగు దొరకదు.

జేబు త్రాసు తీయండి. 28.0 గ్రాములు. సరిగ్గా ఉంది. అయస్కాంతం దగ్గర పెట్టండి, అంటుకోలేదు. ఇది వెయ్యికి 833 పాళ్ల వెండి, అంటే లోపల 23 గ్రాముల పైన మేలిమి ఉంది. బేరం మొదలుపెట్టే ముందు ఇవాళ్టి గ్రాము రేటుతో దాన్ని గుణించుకోండి. అంతకు దిగువన ఎవరైనా ఇస్తామంటే సంతోషించకండి, అనుమానించండి. పెద్దాయన చెప్పిన ధర వెండి రేటు మీద ఇంకో సగం. అన్యాయమేం కాదు. కానీ రెండు సంగతులు అడ్డొస్తున్నాయి. ఇది బొంబాయిదో వియన్నాదో తేల్చాలంటే గద్ద తోక ఈకలు, రాణి భుజం మీది బ్రోచి భూతద్దంలో పెట్టి పట్టికతో పోల్చాలి. మెట్ల మీద కూర్చుని, పక్కన ఆటోలు హారన్ కొడుతుంటే అయ్యే పని కాదు. రెండోది, ఈ నాణెం వియన్నా టంకశాలలో ఇప్పటికీ తయారవుతోంది. ఎప్పుడైనా దొరికేదాన్ని ఇవాళే కొనాలన్న తొందర ఎందుకు? పాలిపోయిన మొహం పెట్టకండి. తిరిగి ఇచ్చేద్దాం.

"సోచ్‌లో పడ్డరు సార్," అన్నాడు పెద్దాయన, అలవాటైన బాధతో.

ఇక పళ్లెం. చేతి గడియారం తీసి జేబులో పెట్టుకోండి, వేళ్లు నల్లబడతాయి. నేపాల్ అల్యూమినియం, ఇటలీ లీరా, సోవియట్ కోపెక్‌లు, ఇరాన్ రియాల్‌లు, ఓడ బొమ్మ ఉన్న ఇంగ్లండ్ అర పెన్నీ, మళ్లీ నేపాల్. చాయ్ తాగండి, చల్లారిపోతోంది. అడుగున ఒక పెద్ద గోధుమరంగు బిళ్ల అంచు కనిపిస్తోంది చూశారా? లాగండి. నడిమిలో చిల్లు. మన చిల్లుకాణీ కంటే బాగా పెద్దది, 30 మిల్లీమీటర్లు పైనే. చిల్లు చుట్టూ ఏనుగు దంతాలు. ఈస్ట్ ఆఫ్రికా అని రాసి ఉంది. పది సెంట్లు. సంవత్సరం 1936.

సంవత్సరం చూసి ఊపిరి బిగబట్టకండి. తిప్పండి. చిల్లు పైన కిరీటం, రాజు ముఖం లేదు. చిల్లు పెట్టాక ముఖానికి చోటెక్కడిది? అంచు వెంట రాజు పేరు లాటిన్‌లో ఉంటుంది. అక్కడ మట్టి పట్టింది. గోరుతో గీకకండి! భూతద్దం ఇలా ఇవ్వండి. మొదటి అక్షరం జి అయితే ఐదో జార్జి, మళ్లీ పళ్లెంలో వేసేద్దాం. ఇది ఇ. తర్వాత డి. ఎడ్వర్డస్. దాని తర్వాత రోమన్ అంకె: వి, పక్కన మూడు నిలువు గీతలు. ఎనిమిదో ఎడ్వర్డు.

ఇప్పుడు ఊపిరి బిగబట్టొచ్చు. 1936 జనవరి 20న ఐదో జార్జి చనిపోతే రాజైనవాడు ఇతను. సింప్సన్ అనే విడాకులు పొందిన అమెరికన్ మహిళను పెళ్లాడటం కోసం డిసెంబరు 11న గద్దె దిగిపోయాడు. ఏడాది కూడా నిండలేదు. ఆ ఏడంతా బ్రిటన్ నాణేల మీద చనిపోయిన తండ్రి ముఖమే నడిచింది. కొత్త రాజు నాణేలు 1937లో విడుదల కావలసింది. దాని మీద కూడా పేచీయే. ఒక రాజు కుడికి చూస్తే తర్వాతి రాజు ఎడమకు చూడటం నాణేల ఆచారం. ఆ లెక్కన ఇతను కుడికి చూడాలి. నా ఎడమ పక్కే బాగుంటుందని ఇతను పట్టుబట్టాడు. అచ్చులు సిద్ధమయ్యేసరికి రాజే లేడు. నాణేలు తీసుకునే యంత్రాలు సరిచూసుకోవడానికి కంపెనీలకిచ్చిన ఇత్తడి మూడు పెన్నీలు కొన్ని మాత్రం తిరిగి రాలేదు. ఇతని ముఖం ఉన్న బంగారు సావరిన్ ఒకటి 2020లో పది లక్షల పౌండ్లకు చేతులు మారింది.

మన దేశంలోనూ అంతే. ఇతను భారత చక్రవర్తి కూడా, కానీ 1936 నాటి బ్రిటిష్ ఇండియా నాణేల మీద ఉన్నది ఐదో జార్జే. చిల్లు నాణేలు నడిచే చోట్ల మాత్రం టంకశాలకు చిత్తరువుతో పని లేదు, పేరు మారిస్తే చాలు. తూర్పు ఆఫ్రికా, పశ్చిమ ఆఫ్రికా, ఫిజీ, న్యూగినీ నాణేల మీద ఇతని పేరు అలా ఎక్కింది. చేతిలో ఉన్నదాన్ని ఇంకాస్త తిప్పి చదవండి. పేరు తర్వాత ఇండ్, ఇంప్ అని రెండు పొడి మాటలున్నాయి. భారత చక్రవర్తి అని. బ్రిటిష్ ఇండియా నాణేల్లో ఒక్కదాని మీదా ఎక్కని చక్రవర్తి పేరు కెన్యా, ఉగాండా, టాంగన్యికా సంతల్లో తిరిగింది. 1920 దాకా ఆ ప్రాంతంలోనూ చెల్లింది రూపాయే.

అయస్కాంతం అంటదు, ఇది కంచు. చిల్లు అంచులు నున్నగా అరిగాయి, దంతాల మీద గీతలు సగం మిగిలాయి. అరుగుదల నాకు ఇష్టమే. పెట్టెలో పుట్టి పెట్టెలో పెరిగిన స్మారక నాణెం కంటే చేతులు మారిన నాణెం మేలు.

యాభై నోటు తీశారు, చేయి ఆగింది. ఆయనకు తెలియకుండా కొంటున్నామేమోనని కదా? అడిగేద్దాం.

"భాయ్, ఇది ఎనిమిదో ఎడ్వర్డుది. తెలుసా?"

"మాలూమ్ సార్. ఆఫ్రికాది మస్తు దొరుకుతది. మొహం ఉన్నదైతే నేనీడ మెట్ల మీద ఎందుకు కూసుంట?"

నోటు ఇచ్చేయండి. బేరం అక్కర్లేదు.

ఇంటికెళ్లాక చింతపండు పెట్టి తోమకండి. ఇత్తడి బిందెకు పనికొచ్చే వైద్యం నాణేన్ని చంపేస్తుంది. తోమిన నాణేన్ని తెలిసినవాడెవడూ కొనడు. మెత్తటి పీవీసీ కవర్లూ వద్దు, కొన్నేళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. అట్ట హోల్డరు పది రూపాయలకు ఈయన దగ్గరే ఉంది. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట: 1972 చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించకూడదు. ఈ ఎడ్వర్డుకు ఇంకా గడువుంది, 2036 దాకా.

పేజీ ఏదో ఇప్పుడే చెప్పొచ్చు. చిల్లుకాణీ పక్కన. ఆ కాణీని ఒకసారి మళ్లీ బయటికి తీయండి, ఇన్నాళ్లూ సరిగా చూడలేదు. దాని మీదా కిరీటమే ఉంది. ముఖం లేదు, పేరు కూడా లేదు. 1944లో ఆ కిరీటం ఆరో జార్జిది. అన్న వదిలేసి పోతే తలకెత్తుకున్న తమ్ముడు.

మీ ఇంట్లో నైరోబీలోనో కంపాలాలోనో దార్-ఎస్-సలామ్‌లోనో ఉద్యోగం చేసి వచ్చిన తాతగారో మేనమామో ఉంటే, వాళ్ల పాత ట్రంకు పెట్టెలో చిల్లు నాణేలు ఉండే అవకాశం ఉంది. 1936 కనబడితే అక్కడ ఆగకుండా అంచు వెంట పేరు చదవండి. తోమకుండా.