చిడతలు, ఎంపీ3: ఒక చిన్న చరిత్ర

మా తాతగారు చెప్పిన హరికథ ఒకటి మా ఇంట్లో క్యాసెట్టు రూపంలో ఉండేది. 2001లో దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాను. హార్డుడిస్కులో చోటు తక్కువ కనుక, సెకనుకు 64 కిలోబిట్ల స్టీరియో ఎంపీ3గా కుదించి, పని అయిపోయిందనుకున్నాను. ఆపై క్యాసెట్టు బూజు పట్టి పాడైంది. ఇప్పుడు మిగిలినది ఆ ఫైలు ఒక్కటే. అందులో తాతగారి గొంతు గుర్తుపట్టగలను గాని, ఆయన చిడతలను గుర్తుపట్టలేను. టకటకమని మోగవలసిన చోట ఇసుక రాలినట్లు వినబడతాయి. వాటికేమైందో తెలుసుకోబోతే ఈ చరిత్ర ఎదురైంది.

సీడీలో ఒక్కొక్క చానెలుకు సెకనుకు 44,100 నమూనాలుంటాయి. నమూనాకు 16 బిట్ల చొప్పున, రెండు చానెళ్ళకు కలిపి సెకనుకు 14,11,200 బిట్లు. 128 కిలోబిట్ల ఎంపీ3 అందులో పదకొండో వంతు. నేను చేసినది ఇరవైరెండో వంతు. తక్కినదంతా ఎక్కడికి పోయినట్లు?

సంగీతాన్ని టెలిఫోను తీగల మీదుగా పంపాలన్న ఆలోచన జర్మనీలోని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన డీటర్ సైట్జర్‌ది. ఆ సమస్యను ఆయన శిష్యుడు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్ చేపట్టి, 1989లో డాక్టరేటు పొందాడు. వారు ఆధారపడినది చెవి బలహీనత మీద. డోలు మోగుతుండగా పక్కవారి గుసగుస మనకు వినబడదు. అలా మరుగున పడే ధ్వనులకు బిట్లు వెచ్చించడం దండుగ అన్నదే ఈ సంపీడనానికి మూలసూత్రం.

ఈ సూత్రానికి పరీక్ష పెట్టినవి రెండు. ఒకటి సుజాన్ వేగా వాద్యాలేవీ లేకుండా పాడిన 'టామ్స్ డైనర్'. ఒంటరి గొంతులో దోషాన్ని దాచడానికి చాటు లేదు. తొలినాటి సంపీడనంలో ఆ గొంతు వికృతంగా వినబడటంతో, బ్రాండెన్‌బుర్గ్ ఆ పాటనే మళ్ళీ మళ్ళీ వింటూ పద్ధతిని సవరించుకున్నాడు.

రెండవది కాస్టనెట్లు, అంటే స్పెయిను దేశపు చిడతలు. ఎంపీ3 ధ్వనిని 576 నమూనాల ముక్కలుగా తీసుకుంటుంది. కుదింపులో పుట్టే రొద ముక్క అంతటా పరచుకుంటుంది. నిశ్శబ్దం వెనువెంటనే చిడత మోగితే, ఆ రొద దెబ్బకు ముందే వినబడుతుంది. దీన్ని ముందస్తు ప్రతిధ్వని అనవచ్చు. దీనికి విరుగుడుగా ముక్కను 192 నమూనాలకు తగ్గిస్తారు. అందుకు మరిన్ని బిట్లు కావాలి. 64 కిలోబిట్లలో అవి ఎక్కడివి? మా తాతగారి చిడతలు పోయిన తావు ఇదే.

ఇక నాణ్యతను పోల్చేది ఎలా? ఏది అసలో ఏది కుదించినదో శ్రోతకూ, పరీక్ష జరిపేవారికీ తెలియనీయకుండా వినిపించాలి. 1990ల ఆరంభంలో స్వీడిష్ రేడియో సంస్థ దాదాపు అరవైమంది నిపుణులతో 20,000కు పైగా ఇటువంటి పరీక్షలు జరిపి, ఒక పద్ధతిని ప్రసారానికి యోగ్యమని తేల్చింది. అమెరికాకు చెందిన బార్ట్ లోకాంతి అనే ఇంజనీరు దాని టేపును విని, 1500 హెర్ట్జ్ దగ్గర ఒక సన్నని కూత ఉందన్నాడు. ఒకసారి చెప్పాక అది అందరికీ వినబడింది! సగటు చెవి తీర్పే చివరి తీర్పు కాదని ఈ ఉదంతం వల్ల తెలుస్తోంది.

ఎంపీ3కి నెలవైన ఎంపెగ్-1 ప్రమాణం 1992లో సిద్ధమైంది. 1995 జూలై 14న ఫైళ్ళకు ఆ పేరు ఖాయమైంది. ప్రమాణం విప్పే తీరును నిర్దేశించి, కుదించే నేర్పును తయారీదారులకు విడిచిపెట్టింది. అందుచేతనే ఒకే 128 కిలోబిట్ల వద్ద ఒక ఫైలు ఇంపుగానూ మరొకటి కర్ణకఠోరంగానూ ఉండేవి. 1998లో మొదలైన లేమ్ ఈ నేర్పును ఎంతో మెరుగుపరచింది.

1997లో వచ్చిన ఏఏసీ ముక్క నిడివిని 1024కు పెంచింది, అవసరమైతే 128కి దించింది. పొడవు ముక్క తంబురకు మేలు, పొట్టి ముక్క చిడతలకు మేలు. 2002లో వోర్బిస్, 2012లో ఓపస్ వచ్చాయి. 2000ల నాటి స్వచ్ఛంద శ్రోతల పరీక్షల్లో 128 దగ్గర మంచి పద్ధతుల మధ్య తేడా స్వల్పమని తేలింది. 64కు దిగితే మాత్రం ఎంపీ3 స్పష్టంగా వెనుకబడింది.

2001లోనే ఒక్క బిట్టు కూడా పోగొట్టని ఫ్లాక్ వెలువడింది. నేను ఎరుగను. ఇప్పుడు నా ఫైలును అందులోకి మార్చినా లాభం లేదు; పోయినది పోయినట్లే భద్రమవుతుంది, అంతే.

మీ ఇళ్ళలో పాత క్యాసెట్లుంటే ముందు కుదించకుండా ఒక ప్రతి తీసి దాచండి. వినడానికి మీకు నచ్చిన రూపంలోకి ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. క్యాసెట్టును మాత్రం పారవేయకండి.