కోనసీమలో గ్రామరక్షణ

కోనసీమ యనగానే మన మనస్సునకు తోచునవి కొబ్బరితోటలు, కాలువగట్లు, పచ్చని వరిచేలు. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. ఈ నీటి నడుమ అమలాపురము, రాజోలు, కొత్తపేట మొదలగు పట్టణములును, వానిని చుట్టుకొని వందలకొలది పల్లెలును, లంకలును వెలసియున్నవి. ఈ సీమ సౌందర్యమును గూర్చి కవులు చాల చెప్పియున్నారు. నేటి ప్రసంగమున నేను చెప్పబోవునది సౌందర్యమును గూర్చి కాదు. రాత్రి తలుపు గడియ వేసికొని గృహస్థు నిశ్చింతగా నిద్రించుటకు ఎవరు పూచీపడిరి? కోతకు వచ్చిన చేనునకు, కళ్లములోని కుప్పకు, చావడిలో బస చేసిన బాటసారికి కాపు ఎవరు? ఈ ప్రశ్నకు చరిత్ర యిచ్చు సమాధానము ఆలోచింపదగినది.

పోలీసు అను మాట మన భాషలోనికి రాకముందే మన గ్రామములలో తలారి యుండెను. పొలిమేరల నెరిగినవాడు అతడే. ఊరికి క్రొత్తవాడు వచ్చినచో మొదట తెలిసికొనవలసినవాడు అతడే. రాత్రి పహరా తిరుగుట, పంటకు కాపుండుట, దొంగ యడుగుజాడ పట్టి పోవుట అతని విధులు. జాడ ప్రక్క గ్రామపు పొలిమేర దాటినచో ఆ పైని పూచీ ఆ గ్రామపు తలారిదగును. దక్షిణదేశమున అనేక ప్రాంతములలో పోయిన సొత్తు దొరకనిచో కావలివాడే నష్టమును పూరింపవలెనను ఆచారముండెను. ఇందులకు ప్రతిఫలముగా అతనికి కొంత మాన్యమును, కళ్లములో కొలిచి యిచ్చు మేరయు లభించుచుండెను. అనగా ఊరిని కాచువానికి కూడు పెట్టునది ఊరే. అతడు తప్పు చేసినచో అడుగునదియు ఊరే.

అయితే కోనసీమవంటి నీటిసీమలో అడుగుజాడ ఎంతదూరము పోగలదు? ఏటియొడ్డువరకే. ఆ పైన రేవులోని పడవవాని సాక్ష్యమే ఆధారము. వంతెనలు లేని కాలమున పడవ కట్టుతాడు విప్పినవాడెవడో తెలిసికొనుటయే సగము దర్యాప్తు. ఇట్టి సీమను ఊరి మనుష్యుల తోడ్పాటు లేక ఏ ప్రభువును కావలేడు.

ఉత్తరసర్కారులు 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానువలనను, మరుసటి సంవత్సరమున నిజాముతో కుదిరిన ఒడంబడికవలనను ఈస్టిండియా కంపెనీకి సంక్రమించెను. 1802లో కంపెనీవారు శాశ్వత పైసలాతోబాటు వంగరాష్ట్రములోని పద్ధతిని మద్రాసు రాజధానికి తెచ్చిరి. జమీందారులకు అంతవరకు గల పోలీసు అధికారమును తొలగించి, జీతగాండ్రైన దరోగాలను నియమించిరి. దరోగా పరాయివాడు. అతని యేలుబడిలోని ప్రదేశము పెద్దది, బలగము చిన్నది. తలారి మాన్యము జమీందారు లెక్కలలో కలిసిపోవుచుండగా, అతని విధి ఎవరి యాజ్ఞకు లోబడియుండవలెనో తేలకపోయెను. క్రొత్త కావలి నిలువకమునుపే పాత కావలి సడలిపోయెను.

ఈ దోషమును కంపెనీ డైరెక్టర్లే గుర్తించిరి. 1814లో థామస్ మన్రో అధ్యక్షతను నియమింపబడిన సంఘము విచారణ జరిపెను. దాని ఫలితముగా 1816లో వెలువడిన నిబంధనలవలన దరోగాల పద్ధతి రద్దయ్యెను. కలెక్టరే మేజస్ట్రేటు. ఆయన క్రింద తాలూకాలో తహసీలుదారు, గ్రామములో పెద్దయైన మునసబు, మునసబు చేతిక్రింద తలారి, వెట్టి పోలీసు పనికి బాధ్యులైరి. పాత గ్రామవ్యవస్థకు సర్కారు ముద్ర పడినదన్నమాట. నాటి కంపెనీ అధికారులలో గ్రామమును గౌరవించిన ఆలోచనగా దీనిని పలువురు మెచ్చుకొనిరి. ఆ మెప్పు కొంతవరకు న్యాయమే.

కాని అదే 1816 సంవత్సరపు పదునొకండవ నిబంధనలో ఒక క్రమము కలదు. తిట్టుకొనుట, స్వల్పముగా కొట్టుకొనుటవంటి చిన్న నేరములకు గ్రామాధికారి నేరస్థుని పండ్రెండు గంటలకు మించకుండ చావడిలో నిర్బంధింపవచ్చును. నేరస్థుడు తక్కువ కులమువాడైనచో, చావడికి బదులు ఆరు గంటలవరకు బొండలో వేయవచ్చును! నేరమొక్కటే, ఊరొక్కటే, శిక్ష మాత్రము పుట్టుకనుబట్టి. ఊరి ఆచారములోని అసమానత అచ్చులో చట్టమై కూర్చుండెను. మరియొక విచిత్రమును గమనింపుడు. తలారియు వెట్టియు తరచుగా ఆ తక్కువ కులములవారే. రాత్రియంతయు ఊరిని కాచినవాడు తాను తగవులో చిక్కినచో బొండ నెక్కవలసినవాడు. గ్రామరక్షణ చరిత్రను తలచుకొని గర్వించువారు ఈ పుటను దాటవేయరాదు.

తరువాతి దశాబ్దములు గోదావరి సీమకు కష్టకాలము. కరవులు, తుఫానులు, వలసలు ప్రజలను పీడించెను. 1821లో 7 లక్షల 38 వేలుగానున్న రాజమహేంద్రవరము జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. నదులు నిండుగా పారుచుండగా జనము అన్నమునకు మలమల మాడెను. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ ఈ దుస్థితిని పరిశీలించి నివేదించెను. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్టకు పూనుకొనెను. 1852 నాటికి అది పూర్తియయ్యెను. పిమ్మట గన్నవరము కడ వైనతేయముమీద అక్విడక్టు కట్టి నీటిని నగరము దీవికి దాటించిరి. నేరనివారణ చరిత్రలో ఆనకట్టకు తావేమిటని శ్రోతలు శంకింపవచ్చును. ఆకలి దొంగతనమునకు తోడబుట్టినది. గాదెలో గింజ నిలిచిన ఊరికి కావలి తేలిక. నాటి సర్కారు నేరనివారణకని కట్టినది కాకున్నను, ఆ ఆనకట్ట పెక్కు ఠాణాల పెట్టు.

ఇంతలో మన్రో పద్ధతిలోని లోపమును బయటపడెను. పన్ను వసూలు చేయువాడును, పోలీసు అధికారము చెలాయించువాడును ఒక్కడే యైనచో పేదవాని మొర ఆలకించువారెవరు? శిస్తు చెల్లింపలేని రైతును ఎండలో నిలబెట్టుట, మెడ వంచి త్రాట కట్టుట మొదలగు హింసలను గూర్చి విచారించుటకు మద్రాసు ప్రభుత్వము 1854లో ఒక సంఘమును నియమించెను. 1855లో ప్రకటితమైన ఆ సంఘ నివేదిక, రెవిన్యూ సిబ్బందియు పోలీసు సిబ్బందియు ఒక్కటైయుండుటయే ఈ దుర్మార్గమునకు ఆశ్రయమైనదని స్పష్టపరచెను. దాని పర్యవసానమే 1859 సంవత్సరపు ఇరువదినాలుగవ చట్టము. పోలీసు శాఖ రెవిన్యూ శాఖనుండి వేరుపడి, ప్రత్యేకమైన అధికారుల క్రిందికి వచ్చెను. అఖిలభారత పోలీసు చట్టము రెండేండ్ల పిమ్మట, అనగా 1861లో, పుట్టినది. మద్రాసు రాజధానియే ముందు నడచినదని చెప్పవచ్చును. గోదావరి జిల్లా అను పేరున క్రొత్త జిల్లా ఏర్పడినదియు ఆ 1859లోనే.

ఠాణాలు వచ్చినను గ్రామపు మునసబు, తలారి పోలేదు. ఒక ఠాణాకు పెక్కు గ్రామములు, జవానులు కొలదిమంది. ఏ యింట దొంగతనము జరిగినను, ఏ కాలువలో శవము తేలినను మొదటి కబురు వ్రాసి పంపవలసినవాడు మునసబే. ఆ కాగితమును మోసికొనిపోవలసినవాడు తలారియే. చేలబడిన పశువులను తోలు బందెలదొడ్డి, చిన్న వ్యవహారములను తీర్చు గ్రామకోర్టు, ఇవన్నియు ఆ చావడి చుట్టునే తిరిగెను. 1902-03లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతను పనిచేసిన పోలీసు కమీషను దేశమందలి పోలీసులను సమర్థత లేనివారనియు, అవినీతిపరులనియు, ప్రజాపీడకులనియు దాపరికము లేక విమర్శించెను. గ్రామ కావలివారిని పోలీసుల బంట్రోతులుగా మార్చక, గ్రామాధికారి కడనే నిలుపవలెనని అదే కమీషను కోరెను. నూరేండ్ల అనుభవము తిరిగి గ్రామము వైపే వేలు చూపెను.

ప్రజల అంగీకారము లేని కావలి ఏమగునో మన పొరుగుననున్న మన్యము రెండు పర్యాయములు చూపెను. 1879 నాటి రంప పితూరీకి కల్లు పన్నులును, పోలీసుల దోపిడియు ముఖ్యకారణములలోనివి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసి తుపాకులను కొనిపోయిరి. ఊరివారు తమదనుకొనని ఠాణాకు గోడలే తప్ప బలము లేదు.

గౌతమి ఆవలి యొడ్డున మరియొక వింత జరిగెను. యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలోనుండెను. శారదా చట్టము 1930లో అమలులోనికి రాగా, బాల్యవివాహములు చేయదలచిన తల్లిదండ్రులు పెండ్లివారితో సహా యానాము చేరి, అచట ముహూర్తము జరిపించి తిరిగివచ్చుచుండిరి. ఏటికి ఈవల నేరము, ఆవల శుభకార్యము! చట్టము పుస్తకములోనికి ఎక్కినంతమాత్రమున చాలదనియు, మనుష్యుల మనస్సులోనికి ఎక్కవలెననియు ఆ పడవలు చాటినవి.

స్వాతంత్ర్యానంతరము దృష్టి మారెను. 1948 చట్టముచే హోంగార్డు దళములకు రూపము ఏర్పడెను. పుట్టుకచేతనే కొన్ని జాతులను నేరస్థులుగా ముద్రవేసిన చట్టము 1952లో దేశమంతట తొలగిపోయెను. 1955లో అస్పృశ్యతను పాటించుట శిక్షార్హమయ్యెను. 1985లో కారంచేడు ఘోరమును, 1991లో చుండూరు ఘోరమును తెలుగుదేశము తల వంచుకొని చూచెను. వాని నడుమ 1989లో షెడ్యూల్డు కులములపైని, తెగలపైని అత్యాచారములను నిరోధించు చట్టము వెలువడెను. 1816లో తక్కువ కులమువానిని బొండలో వేయుమని చెప్పినది చట్టమే. 1989లో అతనిని అవమానించినవానిని చెరలో వేయుమని చెప్పినదియు చట్టమే. ఈ రెంటి నడుమ నడచిన దూరము నూట డెబ్బదిమూడేండ్లు.

1984 జనవరిలో నందమూరి తారకరామారావు ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసెను. వంశపారంపర్యముగా వచ్చుచున్న పెత్తనము తొలగినందుకు సంతసించినవారు పెక్కుమంది. కాని చావడిలోని దీపము ఆరిపోవుటతో గ్రామమునకును ఠాణాకును నడుమ ఒక మెట్టు విరిగెను. దానిని మరల అమర్చుటకు ప్రభుత్వములు పలువిధముల యత్నించెను. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామసచివాలయములలో మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించిరి. 2021లో వారిని మహిళా పోలీసులని పేర్కొనిరి. తలారి కోల తిరిగిన పల్లెవీథిలో చదువుకొన్న యువతి నోటుపుస్తకముతో తిరుగుట ఎంత మార్పు! అయినను ఆమె పోలీసా, గ్రామసేవకురాలా యను తగవు న్యాయస్థానమువరకు పోయెను. కావలివాడు ఎవరి చేతిక్రిందివాడను 1816 నాటి ప్రశ్న క్రొత్త వేషములో తిరిగి వచ్చినది.

ఇక కోనసీమ తన పెద్ద పరీక్షను 2022లో ఎదుర్కొనెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 4న అమలాపురము ముఖ్యస్థానముగా కోనసీమ జిల్లా ఏర్పడెను. అంతవరకు కాకినాడనుండి ఆజ్ఞలందుకొన్న ఈ సీమకు తన పోలీసు సూపరింటెండెంటు తనకు లభించెను. అధికారి చేరువయైనాడని ప్రజలు సంతోషించుచుండగనే, డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేరును జిల్లాకు చేర్చుచు మే 18న ప్రాథమిక ప్రకటన వెలువడెను. దానిని వ్యతిరేకించుచు మే 24న అమలాపురములో బయలుదేరిన ప్రదర్శన హింసకు దారితీసెను. సభలును, ఊరేగింపులును అంతకుముందే నిషిద్ధములు. అయినను రాళ్లు రువ్విరి, మంత్రియొక్కయు, శాసనసభ్యునియొక్కయు ఇండ్లకు నిప్పుపెట్టిరి, బస్సులు తగులబడెను, పోలీసులు గాయపడిరి. ప్రభుత్వము అదనపు బలగములను దింపెను. ఇంటర్నెట్టును కొన్ని దినములు నిలిపివేసెను. ఇంటనుండి ఉద్యోగము చేయు యువకులు కంప్యూటరు సంచిలో పెట్టుకొని సంకేతము దొరకు తావులకై ఏరు దాటిపోయిరి. జూన్ 24న మంత్రివర్గము ఆ పేరును ఆమోదించెను. ఆ పిమ్మట అది డాక్టరు బి.ఆర్. అంబేద్కరు కోనసీమ జిల్లాగా స్థిరపడినది.

అమలాపురపు ఆ సాయంకాలము మనకు నేర్పునదేమి? లాఠీ, బలగము, నిషేధాజ్ఞ అవసరమే. అవి లేనినాడు ఇండ్లు మరికొన్ని కాలియుండెడివి. కాని అవి మంట లేచిన పిమ్మట నీళ్లు చల్లునట్టివి. మంట లేవకముందే పసికట్టవలసినది ఊరు. ఒక వాడవారు మరియొక వాడవారితో మాటాడుకొనని ఊరిలో తలారి యున్నను, ఠాణా యున్నను, క్రొత్త జిల్లా కార్యాలయమే యున్నను కాపు సగమే. రెండు శతాబ్దముల చరిత్ర రెండు మాటలు చెప్పుచున్నది. కావలి ఊరికి దూరమైనచో చెడును. దరోగా చెడినది అందుచేతనే. కావలి ఊరిలోని బలవంతుల పక్షమైనను చెడును. బొండకొయ్య చెడినది అందుచేతనే. ఊరికి చేరువగా నుండియు ఊరి పక్షపాతములకు లొంగని కావలిని నిర్మించుటయే ప్రభుత్వముల పని. ఆ కావలిని తమదిగా భావించుట ప్రజల పని.

గోదావరి గట్టుకు గండి పడునను భయము కలిగిన రాత్రి లంకలలోని జనము కులమడుగరు, వాడ యడుగరు. గోనెసంచి అందుకొన్న ప్రతి చేయియు గట్టును కాచును. ఆ రాత్రి కనబడు కోనసీమ పగటివేళ కూడ కనబడినచో, ఠాణాలోని జవానునకు పని సగము తగ్గును.