చిన్న వడ్రంగి షెడ్డుకు చిత్రిక మిషన్: విడవలూరు ప్రాంత రైతులు కొనేముందు చూసుకోవలసినవి

వరి కోతలు అయ్యాక చేతిలో కాస్త తీరిక ఉంటుంది. గట్టు మీద వేపో, తుమ్మో, టేకో ఉంటుంది. ఇంట్లో ఒకరికి వడ్రంగం వచ్చి ఉంటే మంచాలు, కిటికీలు, తలుపులు చేసి నాలుగు డబ్బులు సంపాదించవచ్చు. చేత్తో చిత్రిక పట్టడానికే రోజంతా పోతుంది కాబట్టి మొదట గుర్తొచ్చేది చిత్రిక మిషన్. చెక్కను ఒకే మందానికి తెచ్చే ఈ మిషన్‌ను థిక్‌నెస్ ప్లానర్ అంటారు. దీన్ని ఎలా ఎంచుకోవాలో, ఎవరు కొనకుండా ఉండటమే మేలో ఇక్కడ తెలుసుకోండి.

ముందు లెక్క వేసుకోండి

ఇప్పుడు పట్టణంలో చిత్రిక పట్టించడానికి కూలి, ఆటో కలిపి నెలకు ఎంత అవుతోందో మూడు నెలలపాటు రాసుకోండి. ఉదాహరణకు నెలకు 3,000 రూపాయలు అవుతోందనుకుందాం. సొంత మిషన్ ఉంటే కరెంటు, బ్లేడ్లకు 500 పోయినా 2,500 మిగులుతుంది. మిషన్, వైరింగ్ కలిపి 60,000 అయితే ఆ డబ్బు తిరిగి రావడానికి 24 నెలలు పడుతుంది. ఖర్చులు పోను నెలకు మిగిలేది 800 మాత్రమే అయితే 75 నెలలు, అంటే ఆరేళ్లు దాటుతుంది. అలాంటప్పుడు కూలికి పట్టించుకోవడమే లాభం. మీ ఊరి ధరలతో ఈ లెక్క మీరే వేసి చూడండి.

ఈ మిషన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

థిక్‌నెస్ ప్లానర్ పలకను రోలర్లతో లాగి, పై ముఖాన్ని కింది ముఖానికి సమాంతరంగా కోస్తుంది. వంకర పలకను మాత్రం తిన్నగా చేయదు. రోలర్లు నొక్కినప్పుడు పలక చదునవుతుంది, బయటికి రాగానే మళ్లీ వంగుతుంది. వంకర తీయాలంటే ముందు ఒక ముఖాన్ని చేతి చిత్రికతో గానీ, సర్ఫేస్ ప్లానర్‌తో గానీ చదును చేయాలి.

తక్కువ ఖర్చు ఉపాయం ఒకటుంది. మందపాటి ప్లైవుడ్ మీద పలకను పెట్టి, ఊగే చోట కింద సన్నని చీలికలు దూర్చి కదలకుండా బిగించండి. ముందు కొసన ఒక అడ్డు పట్టీ కొట్టండి. ఆ మేకులు బ్లేడు తగిలే ఎత్తులో ఉండకూడదు. ప్లైవుడ్‌తో సహా మిషన్‌లో పంపితే పై ముఖం చదునవుతుంది. తర్వాత పలకను తిరగేసి ప్లైవుడ్ లేకుండా పంపండి.

రెండు రకాల మిషన్లు

బల్ల మీద పెట్టుకునే రకం: 12 నుంచి 13 అంగుళాల వెడల్పు పలక పడుతుంది. ఉదాహరణకు మకిటా 2012ఎన్‌బి 304 మిల్లీమీటర్ల వెడల్పు పలకను తీసుకుంటుంది. దాని మోటారు 1,650 వాట్లు, బరువు సుమారు 28 కిలోలు. ఇద్దరు కలిసి మోసుకుపోవచ్చు, సింగిల్ ఫేజ్ చాలు. చప్పుడు మాత్రం చాలా ఎక్కువ. కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి. చాలా మోడళ్లలో బ్లేడ్లను సాన పట్టరు, రెండో అంచు కూడా అరిగాక కొత్తవి కొనాలి.

నేల మీద బిగించే పోత ఇనుము రకం: పైన సర్ఫేస్, కింద థిక్‌నెస్ పని చేస్తుంది. మోటారు బెల్టుతో తిరుగుతుంది. బరువు ఎక్కువ, చోటు కావాలి. మోటారు కాలితే రీవైండింగ్ ఊళ్లోనే అవుతుంది, బ్లేడ్లకు సాన పట్టించుకోవచ్చు. బ్లేడ్లు బిగించే దిమ్మ గుండ్రంగా ఉన్నదే కొనండి. చతురస్రపు దిమ్మ చేతిని లోపలికి లాగేస్తుంది, దాన్ని తీసుకోవద్దు. పైన రక్షణ మూత ఉండాలి.

మంచాలు, కిటికీ రెక్కలు, చిన్న బల్లల పనికి మొదటి రకం సరిపోతుంది. ద్వారబంధాల పని ఎక్కువైతే రెండోది చూడండి. ఏడు అడుగుల పొడవు, 5×3 అంగుళాల గట్టి చెక్క ఒక్కటే 16 కిలోలకు పైగా తూగుతుంది. చిన్న మిషన్‌కు ముందూ వెనుకా రోలర్ స్టాండ్లు లేకపోతే కొసలు వాలి, అక్కడ గుంట పడుతుంది.

కరెంటు సంగతి

1,650 వాట్ల మిషన్ 230 వోల్టుల దగ్గర సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 ఆంపియర్ల సాకెట్, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పెట్టించండి. షెడ్డు మీటరుకు దూరమైతే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించండి. కొనేముందు షెడ్డులో వోల్టేజి రెండు పూటలా కొలిపించండి. తరచూ 200 కంటే తగ్గుతుంటే ఇండక్షన్ మోటారు వేడెక్కి కాలుతుంది.

వ్యవసాయ సర్వీసు నుంచి తీగ లాగి మిషన్ నడపకండి. అది నిబంధనలకు విరుద్ధం, దొరికితే జరిమానా పడుతుంది. నెల్లూరు జిల్లా ఏపీఎస్‌పీడీసీఎల్ పరిధిలో ఉంది. దగ్గరి విద్యుత్ కార్యాలయంలో సరైన కేటగిరీలో సర్వీసు తీసుకోండి. ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి.

మన చెక్కకు తగినట్టు

• వేప, తుమ్మ చెక్కల్లో పోగు అడ్డదిడ్డంగా ఉంటుంది. ఎక్కువ లోతు పెడితే చెక్క పెళ్లలుగా లేస్తుంది. ఒక్కసారికి అర మిల్లీమీటరు, మహా అయితే ఒక మిల్లీమీటరు తీయండి.
• కొబ్బరి చెక్క బ్లేడ్ల పదును త్వరగా పోగొడుతుంది. ఆ పని ఎక్కువైతే బ్లేడ్ల ఖర్చు లెక్కలో పెంచుకోండి.
• ఇంటి ముందు చెట్లలో, పాత పెంకుటిళ్ల దూలాల్లో మేకులు ఉంటాయి. మెటల్ డిటెక్టర్‌తో గానీ, అయస్కాంతంతో గానీ వెతికి తీశాకే మిషన్‌లో పెట్టండి. ఒక్క మేకు చాలు, బ్లేడ్ల సెట్టు పోతుంది.
• పచ్చి చెక్కను చిత్రిక పట్టకండి. పలకల మధ్య పట్టీలు పెట్టి నీడలో పేర్చండి. ఒకే పలకను పదిహేను రోజులకోసారి తూచండి. బరువు తగ్గడం ఆగితే ఎండినట్టు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో చెక్క తేమ పీలుస్తుంది, ఆ నెలల్లో తలుపు రెక్కలను మరీ బిగుతుగా అమర్చకండి.
• పొట్టి ముక్కలు మిషన్‌లో అడ్డం తిరుగుతాయి. కంపెనీ పుస్తకంలో రాసిన కనీస పొడవు కంటే తక్కువ ముక్క పంపవద్దు. కొసల్లో గుంట పడే అవకాశం ఉంది కాబట్టి రెండు వైపులా మూడేసి అంగుళాలు అదనంగా ఉంచి తర్వాత కోసేయండి.

ఉప్పుగాలి

సముద్రం దగ్గర ఊళ్లలో మిషన్‌కు పెద్ద శత్రువు తుప్పు. పని అయ్యాక పొట్టు ఊడ్చి, ఇనుప బల్లకు మైనం రాయండి. నూనె రాస్తే పొట్టు అంటుకుని తేమ పడుతుంది, చెక్కకు మరక కూడా అవుతుంది. గోనె సంచి కప్పకండి, అది తేమను పట్టి ఉంచుతుంది.

ప్రాణం ముఖ్యం

లుంగీ, తువ్వాలు, చేతి గ్లవ్స్‌తో మిషన్ దగ్గరికి వెళ్లవద్దు. పలకకు ఎదురుగా కాక పక్కన నిలబడండి. పలక ఇరుక్కుంటే ముందు ప్లగ్ తీయండి, దిమ్మ పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టండి. చెవులకు మఫ్‌లు, ముక్కుకు మంచి మాస్కు వాడండి. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ధ్రువీకరించింది. రంగు, చెదల మందు ఉన్న చెక్క పొట్టును కోళ్ల షెడ్డులో పరచకండి.

అనుమతి, అప్పు

గట్టు మీద చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలేమో ముందే తెలుసుకోండి. దుంగలను పలకలుగా కోయించడం లైసెన్సు ఉన్న కోత మిల్లులోనే చేయించండి. షెడ్డు పెట్టేముందు అటవీ రేంజి కార్యాలయంలో మీరు పెట్టబోయే మిషన్ల జాబితా చూపించి అడగండి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగం ఉంది. చేతి పనిముట్లతో ఆ పని చేస్తూ స్వయం ఉపాధిలో ఉన్నవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం, శిక్షణ తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు పూచీకత్తు లేని రుణం ఉంటాయి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. వివరాలు కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ఆ మొదటి రుణాన్ని 18 నెలల్లో తీర్చాలి. 60,000 తీసుకుంటే నెలకు సుమారు 3,470 రూపాయలు కట్టాలి. పైన చెప్పిన ఉదాహరణలో మిగిలేది 2,500 మాత్రమే. మిగతా 970 బయటివారి చెక్క చిత్రిక పట్టి సంపాదించాలి, లేదంటే అది వరి డబ్బులోంచి పోతుంది. ఈ తేడా పూడ్చే పని మీ ఊళ్లో ఉందో లేదో చూసుకోకుండా సంతకం పెట్టకండి.

కొనే రోజు

మీ చెక్క రెండు పలకలు దుకాణానికి తీసుకెళ్లి, మీ కళ్ల ముందే పట్టించి చూడండి. నాలుగు మూలల్లో మందం కొలవండి. బ్లేడ్లు, బెల్టు, బ్రష్‌లు నెల్లూరులోనో చెన్నైలోనో ఎన్ని రోజుల్లో దొరుకుతాయో అడిగి, ఒక సెట్టు బ్లేడ్లు అప్పుడే కొనుక్కోండి. జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు తీసుకోండి. విడిభాగం దొరకని మిషన్ ఎంత చౌకైనా వద్దు.