మట్టల ఆదివారం: హోసన్నా అనే మొర

మట్టల ఆదివారం ఉదయం మన ఊళ్లలో చిన్నపిల్లలు మొదలుకొని ముసలివారి వరకు ఈత మట్టలో కొబ్బరి మట్టలో చేతపట్టుకొని, హోసన్నా అని కేకలు వేస్తూ వీధుల్లో నడుస్తారు. తీరా మందిరంలోకి వచ్చి వాక్యం చదివేటప్పుడు ఆ మాట మనకు వినబడదు. మత్తయి 21:9 తెలుగు బైబిలులో చూడండి. హోసన్నా ఉండవలసిన చోట "జయము" అని ఉంటుంది.

అనువాదకులు పొరబడ్డారని నేననడం లేదు. ఆనాటి జనం ఉన్నత స్థలాలకు కూడా ఆ మాటను చేర్చి పలికారంటే, అది అప్పటికే స్తుతికేకగా వాడుకలో ఉన్నట్టే. అయితే దాని వేరు వేరే చోట ఉంది. 118వ కీర్తన 25వ వచనంలోని హెబ్రీ మాట "హోషియా నా". దయచేసి రక్షించు, ఇప్పుడే రక్షించు అని దాని అర్థం. పస్కా పండుగలో యూదులు పాడుకొనే 113 నుండి 118 వరకు ఉన్న కీర్తనల్లో ఇది చివరిది. యేసు అనే నామం కూడా ఆ ధాతువునుండే వచ్చింది. మత్తయి 1:21లో దూత యోసేపుకు ఆ పేరు చెప్పి, తన ప్రజలను వారి పాపములనుండి రక్షించేవాడు గనుక అని కారణం కూడా చెప్పాడు. హోసన్నా అని పిలవడమంటే ఆయనను ఆయన పేరుకు తగిన పని చేయమని అడగడమే. సెమినరీలో హెబ్రీ తరగతిలో ఇది మొదటిసారి విన్నప్పుడు, చిన్ననాటినుండి ఇన్నేళ్లూ ఏమి అరిచానో తెలియక అరిచానే అనిపించింది.

మరి ఆనాటి జనం ఏమి అడిగారు? మట్టల సంగతి చూడండి. లూకా వాటి ఊసే ఎత్తలేదు, దారిలో పరచిన బట్టలను మాత్రమే చెప్పాడు. మత్తయి, మార్కు కొమ్మలు అన్నారు. ఖర్జూరపు మట్టలని రాసింది యోహాను ఒక్కడే (12:13). యూదులకు ఆ మట్ట పాత జ్ఞాపకం. మక్కబీయుల మొదటి గ్రంథం మన బైబిలులో లేకపోయినా చరిత్రకు పనికివస్తుంది. క్రీ.పూ. 141లో సీమోను యెరూషలేము కోటనుండి అన్యుల సైన్యాన్ని వెళ్లగొట్టినప్పుడు, ప్రజలు ఖర్జూరపు మట్టలతో, స్తోత్రాలతో కోటలో ప్రవేశించారని ఆ గ్రంథం 13వ అధ్యాయం చెబుతుంది. ఆ మట్టలు చేతపట్టినవారు రోమును వెళ్లగొట్టే రాజునే కోరుకున్నారని ఊహించడం కష్టం కాదు.

ఆయన ఎక్కింది గాడిద పిల్లను. జెకర్యా 9:9 అందరికీ కంఠతా వచ్చు. దాని తరువాతి వచనం దగ్గర మాత్రం మనం ఆగం. రథాలు, గుఱ్ఱాలు, యుద్ధపు విల్లు లేకుండా చేసి ఆ రాజు అన్యజనులకు సమాధానం ప్రకటిస్తాడని అక్కడ ఉంది. వారు అడిగిన రక్షణ ఒకటి, ఆయన తెచ్చినది మరొకటి. అందుకే ఊరేగింపు మధ్యలో, పట్టణం కనబడగానే ఆయన ఏడ్చాడు (లూకా 19:41). లాజరు సమాధి దగ్గర ఆయన కన్నీళ్లకు యోహాను వాడిన గ్రీకు మాట వేరు. ఇక్కడ లూకా వాడినది బిగ్గరగా రోదించడానికి వాడే మాట. సమాధానానికి సంబంధించిన సంగతులు ఆ పట్టణానికి తెలియలేదు. క్రీ.శ. 70లో రోమా సైన్యం దానిని, దేవాలయాన్ని నాశనం చేసింది. విజయానికి గుర్తుగా రోము వేయించిన నాణేల మీద ఖర్జూరపు చెట్టు, దాని క్రింద ఏడుస్తూ కూర్చున్న స్త్రీ కనిపిస్తారు.

ఆదివారం హోసన్నా అన్న నోళ్లే శుక్రవారం సిలువ వేయుము అన్నాయని మనం తరచు ప్రసంగిస్తాం. నేనూ ప్రసంగించాను. సువార్తల్లో ఆ మాట లేదు. ఆయన వెంట వచ్చినవారిలో గలిలయ యాత్రికులు, శిష్యులు ఉన్నారు. పట్టణస్థులైతే ఈయన ఎవరని అడిగారు (మత్తయి 21:10). పరాయివారి చంచల మనస్సును తిట్టిపోయడం మనకు తేలిక, అందుకే ఆ ప్రసంగం అంత నచ్చుతుంది.

మన సంగతికి వస్తాను. నా పరిచర్య తొలి రోజుల్లో ఒక పట్టణంలో సంఘాలన్నీ కలిసి మట్టల ఊరేగింపు ఏర్పాటు చేశాం. ఎవరి బ్యానరు ముందుండాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. చివరికి రెండు గుంపులు రెండు వీధులు పట్టాయి. రెండు వీధుల్లోనూ హోసన్నా కేకే. ఒక గుంపు ముందు మైకు పట్టుకొని నడిచినవాణ్ణి నేనే. ఆ రోజు నా నోట అది బలప్రదర్శనే గాని, ప్రభువా రక్షించు అనే మొర కాదు.

ఈ ఊరేగింపు కొత్తది కాదు. 4వ శతాబ్దం చివర యెరూషలేము చూడవచ్చిన ఎగేరియా అనే స్త్రీ, విశ్వాసులు ఒలీవల కొండనుండి మట్టలు, ఒలీవ కొమ్మలు పట్టుకొని బిషప్పుతో కలిసి పట్టణంలోకి దిగివచ్చేవారని రాసింది. కొన్ని సంఘాల్లో ఈ మట్టలను దాచి, మరుసటి ఏడాది భస్మ బుధవారానికి కాల్చి, ఆ బూడిదతో నుదుట సిలువ గుర్తు వేస్తారు. మట్ట బూడిద అయ్యేదాకా దాన్ని ఇంట్లో చూస్తూ ఉండడం మంచిదే.

ఆ మాటను దాని అసలు అర్థంతో పలికినవారిని మత్తయి ఒక అధ్యాయం ముందే చూపించాడు. యెరికో దగ్గర ఇద్దరు గ్రుడ్డివారు, దావీదు కుమారుడా మమ్మును కరుణించుమని కేకలు వేశారు. వెంట నడిచే జనం ఊరుకోమని గద్దించారు. వారు మరింత బిగ్గరగా వేశారు. మరుసటి అధ్యాయంలో జనసమూహం పలికిన దావీదు కుమారుడా అనే పిలుపు అంతకుముందు వారి నోటిదే. ఊరేగింపు ముగిసి, రూకలు మార్చేవారి బల్లలు పడద్రోసిన తరువాత, దేవాలయంలో ఆయన దగ్గరకు వచ్చినది కూడా గ్రుడ్డివారు, కుంటివారే. ఆయన వారిని స్వస్థపరిచాడు.

అప్పటికి హోసన్నా అని ఇంకా కేకలు వేస్తున్నది చిన్నపిల్లలు మాత్రమే. ప్రధాన యాజకులకు కోపం వచ్చింది. ఆయన వారికి కీర్తనలోని మాటతో జవాబు చెప్పి, వారిని విడిచి, పట్టణం దాటి బేతనియకు వెళ్లి ఆ రాత్రి అక్కడే బసచేశాడు.