బలవర్ధక వ్యాయామం

బలవర్ధక వ్యాయామం అనగా బరువులను గాని, యంత్రాలను గాని, స్వంత శరీర భారాన్ని గాని ఎదిరిస్తూ కండరాలను క్రమక్రమంగా ఎక్కువ పనికి అలవాటు చేసే వ్యాయామం. నేటి జిమ్ములలో చేసే బరువుల కసరత్తు, పూర్వపు తాలింఖానాలలోని దండీలు, బస్కీలు ఈ కోవకు చెందుతాయి. ఇది కండలు పెంచగోరే యువకుల వ్యవహారమని చాలామంది భావిస్తారు. నిజానికి బరువు తగ్గదలచినవారికి, మధుమేహం ఉన్నవారికి, వృద్ధులకు దీని అవసరం ఇంకా ఎక్కువ. ఆహారం తగ్గిస్తే తూకం తగ్గుతుంది. అయితే తగ్గినది కొవ్వా, కండరమా అన్నది చాలావరకు ఈ వ్యాయామం మీద, తినే మాంసకృత్తుల మీద ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

క్రీ.పూ. 6వ శతాబ్దానికి చెందిన గ్రీకు మల్లుడు మైలో ఒక లేగదూడను రోజూ భుజాలపై మోసేవాడని, అది ఎద్దుగా ఎదిగిన తరువాత కూడా మోయగలిగాడని ఒక కథ ఉంది. కథ ఎంతవరకు నిజమైనా, భారాన్ని కొద్దికొద్దిగా పెంచాలనే మూలసూత్రం అందులో ఉంది. ఈ సూత్రాన్ని వైద్యంలో స్థిరపరచినవాడు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులకు తేలికపాటి కదలికలు మాత్రమే చేయించేవారు. డెలార్మ్ అందుకు భిన్నంగా, క్రమంగా పెంచిన బరువులు ఎత్తించి మంచి ఫలితాలు సాధించి, ఆ పద్ధతిని 1945లో ప్రకటించాడు. మొదట 7 నుండి 10 సెట్లు చేయించిన ఆయన, 1948 నాటికి 3 సెట్లు చాలునని నిర్ణయించాడు. జిమ్ములలో నేటికీ వినిపించే "పదేసి చొప్పున మూడు సెట్లు" అనే లెక్క అక్కడి నుండి వచ్చినదే.

తెలుగు నేలపై బలప్రదర్శనకు పేరుపొందినవాడు ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు (1882-1942). ఛాతీకి బిగించిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచడం ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధమైనది. శ్రీకాకుళం ప్రాంతానికే చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. ఒలింపిక్స్‌లో మహిళల బరువులెత్తు పోటీలు మొదలైనది కూడా ఆ సంవత్సరమే.

బరువు తగ్గడంలోని లెక్క

ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకాలరీల శక్తి నిల్వ ఉంటుంది. అవసరం కంటే రోజుకు 500 కిలోకాలరీలు తక్కువ తిన్నవారు లెక్క ప్రకారం వారానికి అరకిలోకు కొంచెం తక్కువగా తగ్గాలి. బరువు తగ్గేకొద్దీ శరీర అవసరం కూడా తగ్గుతుంది కనుక ఈ వేగం చివరివరకు నిలవదు. మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు తగ్గినవారు సంతోషిస్తారు గాని, అందులో అధికభాగం నీరే. కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజెన్ రూపంలో ఉండే పిండిపదార్థం నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నిల్వ ఖర్చు కాగానే నీరు కూడా వెలుపలికి పోతుంది. మామూలుగా అన్నం తిన్న మర్నాడే కొంత బరువు తిరిగి కనిపించడానికి కారణం ఇదే.

కేవలం వ్యాయామంతో బరువు తగ్గడం కష్టం. 70 కిలోల మనిషి అరగంట చురుకుగా నడిస్తే సుమారు 150 కిలోకాలరీలు ఖర్చవుతాయి. తాలింపులో అదనంగా పడిన 15 గ్రాముల నూనెలో 135 కిలోకాలరీలు ఉంటాయి. అందుచేత కొవ్వు తగ్గించే పని ప్రధానంగా వంటింటిది, ఉన్న కండను కాపాడే పని జిమ్ముది. కండ పెరిగితే కూర్చున్నచోటనే కొవ్వు కరిగిపోతుందని చెప్పే మాట కూడా అతిశయోక్తి. విశ్రాంతిగా ఉన్న కిలో కండరం రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కిలోకాలరీలు మాత్రమే.

కండ విలువ మరొక చోట ఉంది. భోజనం తరువాత రక్తంలోకి చేరే గ్లూకోజును స్వీకరించే అవయవాలలో కండరాలది పెద్ద వాటా. అవి క్షీణిస్తే చక్కెరకు చోటు తగ్గుతుంది.

కఠినమైన ఉపవాసం వలన కలిగే నష్టాన్ని 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం వివరంగా పరిశీలించింది. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా 24 వారాలపాటు అర్ధాకలితో గడిపి, తమ బరువులో సుమారు నాలుగవ వంతు కోల్పోయారు. కొవ్వుతోపాటు కండ కూడా కరిగింది. నీరసం, చిరాకు, ఎల్లవేళలా తిండి గురించిన ఆలోచన వారిని వేధించాయి. తిరిగి తినడం ఆరంభించిన తరువాత కండ కంటే ముందుగా కొవ్వు కోలుకుంది. పదే పదే పస్తులుండి బరువు తగ్గి, మళ్ళీ పెరిగేవారి విషయంలో ఈ సంగతి ఆలోచించదగినది.

భారతీయుల శరీర తత్వం

పైకి సన్నగా కనిపిస్తూ పొట్టలో కొవ్వు, తక్కువ కండ కలిగి ఉండటం భారతీయులలో తరచుగా కనిపించే లక్షణం. అందువలన శరీర ద్రవ్యరాశి సూచిక (కిలోలలో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే సంఖ్య) 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా మన దేశపు వైద్యులు పరిగణిస్తారు. పాశ్చాత్యులకు ఈ హద్దులు 25, 30. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకూడదు. వ్యాయామం మొదలుపెట్టినవారికి తూకం యంత్రం కంటే దర్జీ టేపు నమ్మదగినది. బరువు కదలకుండానే నడుము తగ్గడం తరచుగా జరుగుతుంది.

ఆహారం

పెద్దలకు రోజుకు ప్రతి కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు చేశాయి. ఆహారం తగ్గించి బరువులు ఎత్తేవారికి ఇది చాలదు. వారికి కిలోకు 1.2 నుండి 1.6 గ్రాముల వరకు ఉండటం మంచిది. అంటే 65 కిలోల మనిషికి 78 నుండి 104 గ్రాములు.

తెలుగువారి భోజనంలో లోపం అన్నం ఉండటం కాదు, దాని పక్కన ఉండవలసినవి తక్కువగా ఉండటం. పలుచని పప్పుచారు, పచ్చడి, నీళ్ళ మజ్జిగతో ముగిసే భోజనంలో కడుపు నిండుతుంది గాని మాంసకృత్తులు పెద్దగా చేరవు. ఖరీదైన పదార్థాలు కొననవసరం లేకుండానే ఈ లోటు పూడ్చవచ్చు. 60 గ్రాముల కందిపప్పులో లేదా పెసరపప్పులో 13 గ్రాములు, రెండు కోడిగుడ్లలో 12, 300 గ్రాముల పెరుగులో 9, 50 గ్రాముల మీల్ మేకర్‌లో 26, 30 గ్రాముల వేరుశనగ గుళ్ళలో 7, 200 గ్రాముల బియ్యంలో 15 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉంటాయి. ఇవన్నీ కలిపితే 82 గ్రాములు. గుడ్డు తిననివారు శనగలు, పనీరు, పెసరట్టు చేర్చుకోవచ్చు. చేపలు, కోడిమాంసం తినేవారికి ఈ లెక్క ఇంకా సులభం. పప్పు, బియ్యం కలిపి తినడం వలన ఒకదానిలో తక్కువైన ఆమైనో ఆమ్లాలు రెండవదానిలో లభిస్తాయి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడగకుండా మాంసకృత్తులు పెంచరాదు.

జిమ్ములలో అమ్మే ప్రోటీన్ పొడులు అత్యవసరమైనవి కావు. 2024లో వెలువడిన జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు వాటిని వాడవద్దనే సూచించాయి.

అభ్యాసం

వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నిటికి బలవర్ధక వ్యాయామం, దానితోపాటు 150 నుండి 300 నిమిషాలు నడక వంటి మధ్యస్థ శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కూర్చుని లేవడం, నెట్టడం, లాగడం, నేల మీది బరువును ఎత్తడం అనే నాలుగు కదలికలు ఉంటే శరీరమంతటికి పని చెప్పినట్లే. 8 నుండి 12 సార్లు ఎత్తగలిగి, చివరి రెండు సార్లు కష్టమనిపించే బరువు ప్రారంభకులకు తగినది. అది సులువైనప్పుడు అన్నిటికంటే చిన్న బిళ్ళను చేర్చాలి. అదే బరువుతో ఏళ్ళ తరబడి ఆగిపోవడం జిమ్ములలో తరచుగా కనిపించే పొరపాటు. మొదటి వారాలలో పెరిగే బలం ఎక్కువగా నాడీమండలం కండరాలను బాగా వాడుకోవడం నేర్చుకున్నందువలన వచ్చేది. కండ పరిమాణం పెరగడానికి నెలలు పడుతుంది. ఒకే కండరానికి రెండు అభ్యాసాల నడుమ ఒక రోజైనా విశ్రాంతి ఉండాలి. జిమ్ము అందుబాటులో లేనివారు గోడకు ఆని దండీలు తీయవచ్చు, కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా లేవవచ్చు, బియ్యపు సంచి ఎత్తవచ్చు.

స్త్రీలు, వృద్ధులు

బరువులు ఎత్తితే మగవారివలె కండలు వస్తాయనే భయంతో అనేకమంది స్త్రీలు జిమ్ములో నడక యంత్రం దాటి పోరు. కండ పెరుగుదలకు తోడ్పడే టెస్టోస్టిరాన్ స్త్రీలలో పురుషుల కంటే ఎన్నో రెట్లు తక్కువ గనుక ఆ భయానికి ఆధారం లేదు. బహిష్టు ఆగిన తరువాత ఎముకలు పలుచబడే వయసులో ఈ వ్యాయామం వారికి ప్రత్యేకంగా మేలు చేస్తుంది.

వృద్ధుల విషయంలో 1990లో అమెరికాలోని బోస్టన్‌లో వెలువడిన ఒక పరిశోధన ప్రసిద్ధమైనది. సగటున 90 ఏళ్ళ వయసున్న పదిమంది వృద్ధాశ్రమవాసులచేత కాళ్ళతో బరువులు ఎత్తించారు. 8 వారాలు పూర్తిచేసిన తొమ్మిదిమందిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్రను వదలిపెట్టారు. వ్యాయామం ఆపగానే కొద్ది వారాలలోనే ఆ బలంలో గణనీయమైన భాగం పోయింది.

జాగ్రత్తలు

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, గిలక (హెర్నియా) ఉన్నవారు వైద్యుని సలహా తీసుకున్న తరువాతనే ప్రారంభించాలి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం మంచి అలవాటు. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మధుమేహం మాత్రలు గాని వాడేవారికి వ్యాయామం తరువాత చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.

త్వరగా కండలు రావాలని శిక్షకుల మాటపై స్టెరాయిడ్లు తీసుకోవడం ప్రమాదకరం. వీటివలన గుండె కండరం దెబ్బతినడం, కాలేయ వ్యాధి, వీర్యకణాలు తగ్గడం సంభవిస్తాయి. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ సూదిమందులు 2025 నుండి భారతదేశంలో ఈ అవసరానికి కూడా లభిస్తున్నాయి. వీటితో తగ్గే బరువులో కూడా కొంత భాగం కండరమే కనుక, వైద్యుని పర్యవేక్షణలో వాడేవారికి సైతం మాంసకృత్తులు, బరువుల కసరత్తు సూచిస్తున్నారు.